నీలి పోగు ఎక్కడికి పోయింది? యూదుల వస్త్రపు కుచ్చుల అర్థం గురించి చర్చ

కొల్లేటి_పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో రాత్రి భోజనాల తరువాత బైబిలు చదివే అలవాటు ఉంది. గత వారం సంఖ్యాకాండము 15వ అధ్యాయం చివరికి వచ్చేసరికి మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది, నేను జవాబు చెప్పలేకపోయాను. ఇశ్రాయేలీయులు తరతరాలుగా తమ బట్టల అంచులకు కుచ్చులు చేసుకోవాలనీ, ఆ కుచ్చుల మీద నీలిసూత్రం తగిలించాలనీ అక్కడ ఆజ్ఞ ఉంది. కానీ యెరూషలేము పడమటి గోడ దగ్గర ప్రార్థించేవారి ఛాయాచిత్రాలు చూస్తే దాదాపు అన్నీ తెల్లటి కుచ్చులే. ‘తరతరములకు’ అన్న ఆజ్ఞలోని నీలం ఎలా జారిపోయింది? పైగా ఈ కుచ్చుల మతపరమైన అర్థమేమిటి? మనవాళ్లు కట్టుకునే తాయెత్తు వంటిదా, కులచిహ్నం వంటిదా, లేక వేరే ఏదైనానా? తెలిసినవారు ఓపికగా వివరించగలరు.

అక్షరయాత్రి

తాయెత్తు కాదు. ఆ ప్రశ్నకు జవాబు ఆ వాక్యభాగంలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

హీబ్రూలో కుచ్చును ‘త్సిత్సీత్’ అంటారు, నీలాన్ని ‘తెఖేలెత్’ అంటారు. దాన్ని కట్టుకుంటే మీకు కీడు రాదని ఆ వచనాల్లో ఎక్కడా లేదు. దాన్ని చూడాలి, చూసి ఆజ్ఞలన్నీ జ్ఞాపకం చేసుకోవాలి, జ్ఞాపకం చేసుకుని వాటిని పాటించాలి అని మూడు క్రియలు వరసగా ఉన్నాయి. పని చేయవలసినది కుచ్చు కాదు, దాన్ని చూసిన మనిషి. ‘మీ హృదయాన్నీ మీ కన్నులనూ అనుసరించి పోకుండా’ అనే అర్థంలో వచ్చే చోట వాడిన హీబ్రూ క్రియ, రెండు అధ్యాయాల ముందు కనాను దేశాన్ని వేగు చూడటానికి వెళ్లిన పన్నెండుమంది కథలో వాడినదే. ఆ వేగులవాళ్లు చూసినది నిజమైన దేశమే, కానీ ఆ చూపు వాళ్లను భయంలోకి నడిపింది. ఆ కథ ముగిసిన కొద్దిసేపటికే కంటికి ఒక కాపలా వస్తువు ఇచ్చారన్నమాట. ఈ సంబంధం అనువాదంలో కనబడదు, నాకు మాత్రం ఈ ఆజ్ఞకు తాళంచెవి ఇదేననిపిస్తుంది.

ఇక నీలం సంగతి. నిర్గమకాండము 28వ అధ్యాయంలో ప్రధాన యాజకుడి నిలువుటంగీ పూర్తిగా తెఖేలెత్ రంగులో ఉంటుంది. అతని నుదుట కట్టే బంగారు రేకు పేరు ‘త్సిత్స్’, దాన్ని పాగాకు కట్టి ఉంచేది ‘పెతీల్ తెఖేలెత్’, అంటే నీలి పోగు. ఈ రెండు మాటల ప్రతిధ్వనే సామాన్యుడి కుచ్చు దగ్గర మళ్లీ వినిపిస్తుంది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉన్నినీ నారనూ కలిపి నేసిన బట్ట వేసుకోకూడదని ఒక వచనం ఉంది, వెంటనే తరువాతి వచనం నాలుగు చెంగుల కుచ్చుల గురించి. యాజకుల వస్త్రాల్లో మాత్రం ఆ కలయిక ఉండేది. నారబట్టకు ఉన్నితో చేసిన నీలి పోగు కడితే నిషిద్ధమైన ఆ కలయికే ఏర్పడుతుంది, అయినా ఈ ఆజ్ఞ కోసం అది సమ్మతమేనని రబ్బీలు (యూదు ధర్మశాస్త్ర పండితులు) ఆ రెండు వచనాల పొరుగుతనం నుంచే తేల్చారు. పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ దీని మీద విస్తారంగా రాశారు. ‘యాజక రూపమైన రాజ్యము’ అని సీనాయి దగ్గర చెప్పిన మాట ప్రతి రైతు అంగీ కొసన ఒక పోగుగా వేలాడుతున్నదని ఆయన వాదన సారాంశం. ప్రాచీన మెసొపొటేమియాలో ముద్ర లేనివాడు తన వస్త్రపు అంచును మట్టిపలక మీద నొక్కి సంతకంగా వాడుకునేవాడని కూడా ఆయన గుర్తుచేశారు. అంచంటే మనిషి అధికారం, మనిషి గుర్తింపు. దావీదు గుహలో సౌలు వస్త్రపు చెంగు కోసి తరువాత మనస్సు నొచ్చుకోవడం ఎందుకో ఇది తెలిశాక అర్థమవుతుంది.

నీలిబాన

నేను సహజ రంగులతో నూలు అద్దే వృత్తిలో ఉన్నాను, ప్రధానంగా నీలిమందు. మతగ్రంథాల గురించి నాకు తెలిసింది తక్కువ కాబట్టి నేరుగా వృత్తిపరమైన ప్రశ్న అడుగుతున్నాను. నీలమే కావాలంటే నీలిమందు ఉంది కదా? ఒకప్పుడు కడప, నెల్లూరు జిల్లాల నుంచి ఓడల్లో ఎగుమతి అయిన సరుకు అది. ‘ఇండిగో’ అన్న పేరులోనే ఇండియా ఉంది. అది దొరుకుతుండగా తెల్లపోగులతో సరిపెట్టుకోవలసిన అవసరం ఏముంది?

అక్షరయాత్రి

నీలిబాన గారూ, మీరు తెలియకుండానే తల్ముద్‌లోని (రబ్బీల ధర్మచర్చల ప్రాచీన సంకలనంలోని) అతి పెద్ద మోసం కేసులోకి అడుగుపెట్టారు. మొక్క నుంచి తీసిన నీలాన్ని అక్కడ ‘కలా ఇలాన్’ అంటారు, అది నీలిమందేనన్నది పండితుల సాధారణ అభిప్రాయం. అసలు తెఖేలెత్ ‘హిల్లాజోన్’ అనే సముద్రజీవి నుంచి రావాలని, కంటికి తేడా తెలియకపోయినా మొక్క నీలం చెల్లదని రబ్బీల నిర్ణయం. కలా ఇలాన్‌ను బట్టకు కట్టి ఇది తెఖేలెత్ అని చెప్పేవాడి గురించి బావా మెత్సియా అనే భాగంలో ఒక గట్టి మాట ఉంది. ఐగుప్తులో ఎవడు తొలిచూలువాడో ఎవడు కాడో మనుషులకు తెలియనప్పుడు కూడా వేరుచేసి చూసిన దేవుడే ఈ మోసగాణ్ణి కూడా శిక్షిస్తాడని దాని భావం. ఎవరూ పట్టుకోలేని అబద్ధాన్ని పట్టుకునేది ఆయనొక్కడేనని దాని అంతరార్థం. జ్ఞాపకం కోసం కట్టుకున్న పోగే అబద్ధమాడితే ఇక చూపుకు విలువేముంది?

ఒక మినహాయింపు చెప్పాలి. రబ్బీల సంప్రదాయాన్ని అంగీకరించని కరాయిట్ యూదులు ఏ మూలం నుంచి వచ్చినా నీలం నీలమేనని చెప్పి తమ కుచ్చుల్లో నీలి పోగులు వాడుతున్నారు. వాళ్ల దగ్గర మీ సరుకు చెల్లుతుంది.

సూక్ష్మదర్శిని

రసాయనశాస్త్రం బోధించే దాన్ని కాబట్టి ఆ సముద్రజీవి కథ నేను చెబుతాను.

హిల్లాజోన్ ఒళ్లు సముద్రంలా, ఆకారం చేపలా ఉంటుందని, డెబ్బై ఏళ్లకోసారి పైకి వస్తుందని, దాని రక్తంతో అద్దుతారు కాబట్టే తెఖేలెత్ ఖరీదైనదని తల్ముద్ వర్ణన. ఇంత మాత్రం ఆధారంతో జీవిని గుర్తుపట్టడం ఎంత కష్టమో ఊహించుకోండి. రోమన్ల కాలంలో ఈ జాతి రంగులు రాజాధికారానికి గుర్తులయ్యాయి, వాటి మీద కట్టడులు వచ్చాయి. తెఖేలెత్ తీసుకువెళ్తున్న ఇద్దరిని ‘గద్ద’ పట్టుకున్నదని తల్ముద్‌లో ఒక రహస్య సందేశం కనిపిస్తుంది, గద్ద అంటే రోమ్ అని వ్యాఖ్యాతలు చెబుతారు. క్రీస్తుశకం ఏడో శతాబ్దం తరువాత ఆ పరిశ్రమ కనుమరుగైంది. ‘ఇప్పుడు మనకు తెలుపే ఉంది, తెఖేలెత్ మరుగుపరచబడింది’ అన్న భావం ఒక మిద్రాష్‌లో (రబ్బీల బైబిలు వ్యాఖ్యానంలో) కనిపిస్తుంది.

పన్నెండు వందల ఏళ్ల తరువాత, 1887లో, పోలండ్‌లోని రాద్జిన్ పట్టణపు హసీదిక్ (యూదుల భక్తి ఉద్యమానికి చెందిన) గురువు గెర్షోన్ హెనోఖ్ లైనర్ ఈ వెతుకులాటను మళ్లీ మొదలుపెట్టారు. ఇటలీలోని నేపుల్స్ సముద్రజీవుల కేంద్రానికి వెళ్లి, సిరా చిమ్మే సెపియా అనే జీవే హిల్లాజోన్ అని నిర్ణయించి, దానితో నీలం తయారుచేయించారు. వేలమంది అనుచరులు వేసుకున్నారు, ఇప్పటికీ కొందరు వేసుకుంటారు. తరువాతి కాలంలో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ అయిన ఐజాక్ హెర్జోగ్ 1913లో లండన్ విశ్వవిద్యాలయానికి ఈ విషయం మీదే పరిశోధన వ్యాసం సమర్పించారు. ఆయన ఆ రాద్జిన్ పోగులను పరీక్ష చేయిస్తే అవి ప్రష్యన్ నీలమనే కృత్రిమ రంగని తేలింది. తయారీలో ఇనుపరజను కలుపుతున్నారు, నీలం ఆ ఇనుము నుంచి వస్తున్నది, సెపియా సిరా స్థానంలో వేరే జంతుపదార్థం వేసినా అదే రంగు వచ్చేది. ఆ గురువు మోసగాడు కాడు, ఎంతో నిజాయితీగా వెతికాడు. అందుకే ఈ ఘట్టం చదివితే నాకు జాలి కలుగుతుంది.

అసలైన బలమైన అనుమానం మ్యూరెక్స్ ట్రంక్యులస్ అనే నత్త మీద ఉంది. హైఫా తీరంలో ఆ రంగు మరకల కుండలు తవ్వకాల్లో బయటపడ్డాయి. చిక్కు ఒక్కటే. ఆ నత్త గ్రంథి ఇచ్చేది నీలం కాదు, ఊదా. దాని ముఖ్య పదార్థం డైబ్రోమో ఇండిగో, అంటే ఇండిగో అణువుకు రెండు బ్రోమిన్ పరమాణువులు అంటుకున్నది. 1980లలో ఇజ్రాయెల్‌లోని షెంకార్ కళాశాలలో ఒట్టో ఎల్స్‌నర్ ఈ రంగును తొట్టిలో కరిగించి పనిచేస్తుండగా, ఎండ పడిన రోజుల్లో ఊదా బదులు నీలం వస్తున్నదని గమనించారు. కరిగిన స్థితిలో ఉన్నప్పుడు సూర్యకాంతి బ్రోమిన్‌ను ఊడగొడుతుంది, మిగిలేది శుద్ధమైన ఇండిగో. 1990ల నుంచి పెతీల్ తెఖేలెత్ అనే సంస్థ ఈ పద్ధతిలోనే పోగులు తయారుచేసి అందిస్తోంది.

నీలిబాన గారూ, గమనించారా? నత్త నుంచి వచ్చిన పవిత్రమైన నీలమూ, మీ తొట్టిలోని నిషిద్ధమైన నీలమూ ఒకే అణువు.

నీలిబాన

గమనించాను, రెండుసార్లు చదివాను. మా తొట్టిలో కూడా నూలు చిలప ముంచినప్పుడు నీలం ఉండదు. నీళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చగా, పైన రాగి రంగు నురుగుతో ఉంటాయి. చిలప పైకి తీసి పిండగానే మొదట పచ్చిమామిడి రంగు, గాలి తగిలేకొద్దీ అంచుల నుంచి లోపలికి నీలం పాకుతుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా ఆ క్షణంలో పక్కకు చూడబుద్ధి కాదు. ఆ నత్త తొట్టి కూడా ఇలాగే పనిచేస్తుందని మీరు చెబుతుంటే ఆ అద్దకందారులు నాకు చుట్టాలైనట్టు ఉంది. అయినా ఒకే అణువు అయినప్పుడు ఒకటి పనికివచ్చి ఇంకొకటి పనికిరాకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

హైఫాలో_గోదావరివాడు

నేను పశ్చిమ గోదావరి నుంచి వచ్చి ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షకుడిగా పనిచేస్తున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్లు ఈ పనిలో చాలామందే ఉన్నారు. ఐదేళ్లపాటు నేను చూసుకున్న పెద్దాయనను ‘సబా’ అని పిలిచేవాణ్ణి, వాళ్ల భాషలో తాతయ్య అని. పుస్తకాల్లో ఉన్నది నాకు తెలియదు, చూసినది చెబుతాను.

సబా పొద్దున్నే ‘తల్లీత్’ అనే పెద్ద ప్రార్థనా వస్త్రం తీసేవారు. కప్పుకోవడానికి ముందు నాలుగు మూలల కుచ్చులనూ చేతిలోకి తీసుకుని, కంటి దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క పోగునూ వేళ్లతో విడదీసి తెగిందేమో చూసేవారు. చూపు మందగించాక కూడా ఆ తనిఖీ మానలేదు, వేలి కొసలతో తడిమి చూసేవారు. ‘షెమా’ అనే ప్రార్థనలో ఈ కుచ్చుల వచనాలు వస్తాయి. అప్పుడు నాలుగు మూలలనూ ఎడమచేతిలో కలిపి పట్టుకుని, ఆ మాట వచ్చినప్పుడల్లా ముద్దుపెట్టుకునేవారు.

ఒకసారి ఒక మూల పోగు తెగిపోయింది. కొత్త పోగులు తెప్పించుకుని మేజా దగ్గర కూర్చున్నారు. నాలుగు పోగులను మూల దగ్గరి రంధ్రం గుండా దూర్చి మడిస్తే ఎనిమిది కొసలవుతాయి, అందులో ఒక పోగు పొడవుగా ఉంటుంది, దాన్నే మిగిలినవాటి చుట్టూ తిప్పుతారు. ఒక జంట ముడి, ఏడు చుట్లు, ముడి, ఎనిమిది చుట్లు, ముడి, పదకొండు, ముడి, పదమూడు, చివరి ముడి. చేతులు వణుకుతున్నాయి, లెక్క తప్పితే విప్పి మళ్లీ మొదలు. నేను కడతానంటే తల అడ్డంగా ఊపారు. యూదుడు కానివాడు కట్టిన కుచ్చు చెల్లదట. ‘నువ్వు బట్ట బిగించి పట్టుకో, అది చాలు’ అన్నారు. గంటన్నర పట్టుకున్నాను. అప్పుడు కొంచెం చిన్నబుచ్చుకున్నమాట నిజమే, తరువాత ఆలోచిస్తే మన పురోహితుడు దర్భ వేరేవాళ్ల చేతికి ఇవ్వకపోవడం వంటిదే అనిపించింది.

ఆయనవి పూర్తిగా తెల్ల పోగులు, మనవడివి నీలం కలిసినవి. మనవడు ఎన్నిసార్లు అడిగినా సబా మార్చుకోలేదు. ‘మా నాన్నవి తెల్లవి, ఆయన కంటే నాకు ఎక్కువ తెలుసా?’ అని ఒకే జవాబు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ప్రార్థించేవారు.

ప్రశ్నార్థకం

అన్నీ బాగున్నాయి కానీ ఈ చుట్ల సంఖ్యలు చూస్తే నాకు సంఖ్యాశాస్త్రపు వాసన వస్తోంది. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యా విలువ ఉంటుందట, త్సిత్సీత్ అక్షరాల విలువ 600, దానికి 8 పోగులూ 5 ముడులూ కలిపితే 613, అంటే ధర్మశాస్త్రపు ఆజ్ఞల సంఖ్య అని ఎక్కడో చదివాను. ముడులను లెక్కలో కలిపి అర్థం తెచ్చుకోవడం, ముందు అర్థం పెట్టుకుని తరువాత లెక్క వెతుక్కోవడం కాదా?

అక్షరయాత్రి

మీ అనుమానం కొత్తది కాదు, పదమూడో శతాబ్దంలోనే నఖ్మనీదెస్ అనే యూదు వ్యాఖ్యాత అడిగాడు. ఈ లెక్క అంతకు ముందటి వ్యాఖ్యాత రాషీ ద్వారా ప్రసిద్ధమైంది. ధర్మశాస్త్రపు ప్రతిలో ఆ మాటను ఒక ‘యోద్’ అక్షరం తగ్గించి రాస్తారు, అలా కూడితే 590 మాత్రమే వస్తుంది, లెక్క కుదరదు అని నఖ్మనీదెస్ ఆక్షేపణ. జ్ఞాపకం చేసేది ముడుల సంఖ్య కాదు, నీలి పోగే అని ఆయన అభిప్రాయం. నేను ఆయన పక్షమే. చుట్ల విషయం కూడా అంతే. అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) 7, 8, 11, 13 చుడతారు, మొత్తం 39, అది ‘ప్రభువు ఒక్కడే’ అన్న రెండు హీబ్రూ మాటల అక్షరాల విలువ. సెఫార్దీలు (స్పెయిన్ మూలాల యూదులు) చాలామంది 10, 5, 6, 5 చుడతారు, అవి దైవనామంలోని నాలుగు అక్షరాల విలువలు. ఇవి చేతికి అలవాటైన ధ్యానాలు, ఆజ్ఞకు పునాదులు కావు.

నీలం గురించిన అసలైన ధ్యానం రబ్బీ మెయీర్‌ది. రంగులన్నింటిలో తెఖేలెత్ ప్రత్యేకత ఏమిటి? తెఖేలెత్ సముద్రాన్ని పోలి ఉంటుంది, సముద్రం ఆకాశాన్ని పోలి ఉంటుంది, ఆకాశం దేవుని మహిమా సింహాసనాన్ని పోలి ఉంటుంది. సింహాసనం నీలమని నేరుగా అనలేదు చూడండి. కన్ను ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంది. చేతిలోని పోగు నుంచి మొదలుపెట్టి, మనిషి చూడలేని చోటు దాకా. మరో చోట మిష్నా (తల్ముద్‌కు మూలమైన ధర్మసంకలనం) మొట్టమొదటి అధ్యాయంలో, ఉదయపు షెమా చదవవలసిన వేళ ఎప్పుడు మొదలవుతుందని అడిగితే, తెఖేలెత్‌కూ తెలుపుకూ తేడా తెలిసినప్పటి నుంచి అని జవాబు ఉంది. ఆ రోజుల్లో గడియారం కూడా ఈ పోగే.

కొల్లేటి_పాఠకుడు గారి మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు వస్తుంది. తెఖేలెత్ లేకపోవడం తెలుపును చెల్లకుండా చేయదు, తెలుపు లేకపోవడం తెఖేలెత్‌ను చెల్లకుండా చేయదు అని మిష్నాలో స్పష్టంగా ఉంది. కాబట్టి నీలం పోయినా ఆజ్ఞలో సగం మిగిలింది, ఆ సగాన్ని పట్టుకుని వందల ఏళ్లు గడిపారు. ఈ రోజు నీలం దొరికిందన్నా, ఇదే ఆ నత్త అని నిశ్చయంగా చెప్పే గురుపరంపర తెగిపోయింది కదా అని చాలామంది రబ్బీలు వెనకాడతారు. వేసుకునేవాళ్లలో కూడా ఎనిమిది కొసల్లో ఎన్ని నీలంగా ఉండాలన్నదానిలో ఏకాభిప్రాయం లేదు. మధ్యయుగపు పండితుల్లో మైమోనిదెస్ ఒకటి అన్నాడు, రవాద్ రెండు అన్నాడు, రాషీ, తోసఫోత్ వ్యాఖ్యాతలు నాలుగు అన్నారు.

మంగళగిరి_మగ్గం

చిన్న సందేహం. స్త్రీలకు ఈ ఆజ్ఞ లేదా?

అక్షరయాత్రి

‘చూడవలెను’ అని ఉంది కాబట్టి ఇది పగటివేళకు చెందినది, వేళకు కట్టుబడిన విధుల నుంచి స్త్రీలకు మినహాయింపు ఉంది అన్నది సంప్రదాయ వాదన. మినహాయింపే కానీ నిషేధం కాదని చెప్పి తల్లీత్ ధరించే స్త్రీలు సంస్కరణవాద, కన్సర్వేటివ్ సమాజాల్లో ఈ రోజు చాలామంది ఉన్నారు. సనాతన సమాజాల్లో అది బాగా అరుదు.

కొల్లేటి_పాఠకుడు

ఈ చర్చ చదివాక మత్తయి సువార్త మళ్లీ తెరిచాను. రక్తస్రావం ఉన్న స్త్రీ ముట్టుకున్నది ‘వస్త్రపు చెంగు’ అని మన తెలుగు బైబిలులో ఉంది. ఇన్నాళ్లూ నేను దాన్ని ఉత్తరీయపు అంచు అనుకున్నాను. అది ఈ కుచ్చేనా?

అక్షరయాత్రి

అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అక్కడ వాడిన గ్రీకు మాట ‘క్రాస్పెదోన్’. సంఖ్యాకాండములోని త్సిత్సీత్‌ను ప్రాచీన గ్రీకు అనువాదకులు ఆ మాటతోనే అనువదించారు. 23వ అధ్యాయంలో పరిసయ్యులు తమ చెంగులు పెద్దవిగా చేసుకుంటారని యేసు విమర్శించిన చోట కూడా అదే మాట. ఆయన విమర్శ కుచ్చుల మీద కాదు, వాటిని పదిమందికి కనబడేలా పెంచడం మీద. కుచ్చు ఉన్నది వేసుకున్నవాడి కన్ను కోసం, ఎదుటివాడి కన్ను కోసం కాదు. తెలుగులో ఒకచోట కుచ్చులు, ఇంకోచోట చెంగు అని రెండు మాటలు పడటంతో మనకు ఆ తీగ తెగిపోయింది.

హైఫాలో_గోదావరివాడు

నిన్న రాయలేకపోయినది ఒకటి ఉంది. సబా నిరుడు శీతకాలంలో పోయారు. ఆయనను ఆ తల్లీత్‌లోనే చుట్టారు. చుట్టే ముందు ఒక మూల కుచ్చును కత్తిరించేశారు. చనిపోయినవారికి ఆజ్ఞలు వర్తించవు కాబట్టి అలా చేస్తారని మనవడు చెప్పాడు. కత్తిరించినది నేను బట్ట బిగించి పట్టుకున్న మూల అవునో కాదో నాకు తెలియలేదు, అడగడం సబబనిపించలేదు.

నీలిబాన

గోదావరివాడు గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నా పాత సందేహం, ఒకే అణువు అయినా ఒకటి ఎందుకు చెల్లదన్నది, అక్షరయాత్రి గారిని విడిగా అడిగితే ఆయన తల్ముద్‌లోని ఒక సంభాషణ పంపారు. తెఖేలెత్ ఎలా అద్దుతారని అబయే అనే పండితుడు అడుగుతాడు. హిల్లాజోన్ రక్తం, మిగిలిన సరుకులు కుండలో వేసి కాచుతామని, కొంచెం రంగును ఒక గుడ్డు పెంకులోకి తీసుకుని ఉన్ని ముక్కతో పరీక్షిస్తామని, ఆ తరువాత గుడ్డు పెంకు పారేసి ఉన్ని ముక్కను తగలబెడతామని అవతలివాడి జవాబు. పరీక్ష కోసం అద్దినది ఆజ్ఞ కోసం అద్దినది కాదు, అందుకే అది పనికిరాదట. రంగు అదే, నత్త అదే, కుండ అదే, అయినా చెల్లదు.

నేనూ రోజూ ఉదయం తొట్టి పదును తెలుసుకోవడానికి జానెడు నూలు ముంచి చూస్తాను. దాన్ని ఎప్పుడూ తగలబెట్టలేదు, తొట్టి పక్కన మేకుకు కడతాను. ఈ పొద్దున లెక్కపెడితే ఆ మేకుకు నలభైకి పైగా పోగులున్నాయి, పాతవి పైన వెలిసిపోయి, కొత్తవి కింద నల్లగా.